ప్లవకాల లెక్క వదిలి డైరెక్టరు కుర్చీలో కూర్చోవాలా?

ప్రశ్న: నా వయసు 44. మాది భీమునిపట్నం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువు ముగించుకొని 16 ఏళ్ళ కిందట చెన్నై వచ్చాను. ఇక్కడి తీరంలో నెలనెలా ప్లవకాలను, అంటే నీటి ప్రవాహంతో కొట్టుకుపోయే చిన్న చిన్న జీవులను, సేకరించి, గుర్తించి, లెక్కకట్టే ఒక చిన్న స్వచ్ఛంద పరిశోధన సంస్థలో అప్పటినుంచీ పనిచేస్తున్నాను. మొత్తం 14 మందిమి. 21 ఏళ్ళ నమూనాలు మా దగ్గర ఉన్నాయి. సంస్థను స్థాపించిన మా సారు వచ్చే మార్చితో తప్పుకుంటున్నారు. ఆయన స్థానంలో నన్ను ఉండమని ట్రస్టీలు అడుగుతున్నారు. జంతు ప్లవకాలను గుర్తుపట్టడం తప్ప నాకు వేరే పని రాదు, నిధులు అడగడం అసలే రాదు. ఉన్న డబ్బు ఏడాదికి మించి సరిపోదు. తీరాన కర్మాగారం ఉన్న ఒక కంపెనీ మూడేళ్ళపాటు సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులు ఇస్తామంటోంది కానీ, ఫలితాలను ముందు తమకు చూపించి, అనుమతి తీసుకున్నాకే ప్రచురించాలంటోంది. సూక్ష్మదర్శిని ముందు కూర్చునే ఇద్దరు సీనియర్లలో ఒకరు వచ్చే ఏడాది రిటైరవుతున్నారు. ఆయన బదులు, ఫొటోలు తీసి తానే గుర్తుపట్టే యంత్రం కొందామని ఒక ట్రస్టీ పట్టుబడుతున్నారు. అన్నిటికన్నా నన్ను బాధిస్తున్నది వేరే ఉంది. డైరెక్టరునైతే సూక్ష్మదర్శినికి దూరమైపోతాను. ఒప్పుకోమంటారా?

సమాధానం:

అమ్మా, ఒప్పుకోండి. అయితే ఒప్పుకున్నానని చెప్పే ముందు ట్రస్టీల సమావేశంలో కొన్ని విషయాలు మినిట్స్ పుస్తకంలో రాతపూర్వకంగా చేరాలి. ఆ విషయాలేమిటో, ఎందుకో చెప్పడానికే ఈ జవాబు కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. నేను చాలా ఏళ్ళు పరిశోధన సంస్థల పాలనా విభాగాల్లో పనిచేశాను. ప్లవకాలను గుర్తుపట్టే విద్య నాకు లేదు కానీ, వాటిని లెక్కపెట్టేవాళ్ళకు జీతాలు ఎలా వస్తాయో, ఎలా ఆగిపోతాయో మాత్రం దగ్గరనుంచి చూశాను.

మీ సంస్థ ఆస్తి ఏమిటని ట్రస్టీలను అడిగితే భవనం, సూక్ష్మదర్శినులు, బ్యాంకులో ఉన్న సొమ్ము అంటారు. నా దృష్టిలో అవన్నీ మళ్ళీ కొనుక్కోగలిగినవే. 2009 నవంబరులో చెన్నై తీరపు నీటిలో ఏయే ప్లవకాలు ఎంతెంత ఉన్నాయో చెప్పే సీసాను మాత్రం ఇప్పుడు ఎంత డబ్బు పోసినా ఎవరూ తేలేరు. 21 ఏళ్ళుగా తెగకుండా, ఒకే పద్ధతిలో సాగిన ఆ వరుసే మీ ఆస్తి. డైరెక్టరుగా మీరు చేయవలసిన మొదటి పని దాన్ని తెగనివ్వకపోవడం. నిధులు, నియామకాలు, యంత్రాలు, కంపెనీతో ఒప్పందం, ఇలా మీరు అడిగినవన్నీ ఈ ఒక్క పనిని బట్టే తేల్చుకోవాలి.

ఇలాంటి వరుసల్లోకెల్లా పెద్దదాని చరిత్ర మీకు తెలిసే ఉంటుంది. అయినా మీ ట్రస్టీలకు వినిపించడానికి పనికొస్తుందని రాస్తున్నాను. ఆలిస్టర్ హార్డీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1925-27 నాటి అంటార్కిటిక్ యాత్రలో వాడి చూసిన పరికరాన్ని మెరుగుపరిచి, 1931 నుంచి ఉత్తర సముద్రంలో మామూలు సరకు ఓడల వెనుక కట్టి లాగించడం మొదలుపెట్టారు. ఓడ తన దారిన తాను పోతూ ఉంటుంది, పరికరంలోకి వచ్చిన నీరు పట్టుబట్ట గుండా వడగడుతుంది, ప్లవకాలు చిక్కిన ఆ పట్టు మెల్లగా చుట్టుకుంటూ, నమూనాను పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణంలోకి చేరుతుంది. సుమారు 10 నాటికల్ మైళ్ళ దూరానికి ఒక నమూనా లెక్క. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ పని ఆగి, మళ్ళీ మొదలైంది. 1980ల చివరలో ప్రభుత్వ నిధులు ఆగిపోయే స్థితి వచ్చినప్పుడు దాన్ని బతికించడానికి 1990లో హార్డీ పేరిట ఒక ఫౌండేషన్ ఏర్పడింది. 2018లో ఆ ఫౌండేషన్ ప్లిమత్‌లోని మెరైన్ బయలాజికల్ అసోసియేషన్‌లో కలిసిపోయింది. ఇల్లు మారింది, యాజమాన్యం మారింది, డైరెక్టర్లు ఎందరో మారారు. 270 మైక్రాన్ల కన్ను (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, కన్ను అంటే దారాల మధ్య రంధ్రం) ఉన్న ఆ పట్టుబట్టను మాత్రం మార్చలేదు. అందుకే 1960 నుంచి 1999 వరకు ఉన్న నమూనాలను పోల్చి, ఈశాన్య అట్లాంటిక్‌లో వెచ్చని నీటిని ఇష్టపడే కోపెపాడ్‌లు (రొయ్యలకు దూరపు బంధువులైన చిన్న జంతు ప్లవకాలు) దాదాపు 10 డిగ్రీల అక్షాంశం మేర ఉత్తరానికి జరిగాయని 2002లో చెప్పగలిగారు. మధ్యలో ఎవరో ఒక డైరెక్టరు నైలాన్ చవక అని బట్ట మార్చి ఉంటే, జరిగినవి కోపెపాడ్‌లో, మారినది బట్టో తేల్చడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

ఇక్కడే వల కన్ను గురించి ఒక మాట. అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన యాత్రలో, అంటే 1960ల తొలి సగంలో, వేర్వేరు దేశాల ఓడలన్నీ వాడాలని ఒక ప్రామాణిక వలను నిర్ణయించారు. దాని మూతి 1 చదరపు మీటరు, కన్ను 330 మైక్రాన్లు. 200 మీటర్ల లోతు నుంచి పైకి లాగేవారు. ఆ నమూనాలను కొచ్చిలో ఏర్పరచిన కేంద్రంలో వేరుచేసి వర్గీకరించారు. ఆ తర్వాత చాలా చోట్ల 200 మైక్రాన్ల వలలు వచ్చాయి. ఓయిథోనా వంటి చిన్న కోపెపాడ్‌లు పెద్ద కన్ను గుండా జారిపోతాయని, చిన్న కన్నులో చిక్కుతాయని మీకు నేను చెప్పనక్కరలేదు. చెప్పవలసింది కొనుగోళ్ళు చూసే మీ ఆఫీసు మనిషికి. పాత వల చిరిగిందని, దొరికిన కన్నుతో కొత్త వల కొనేస్తే, మరుసటి నెల నుంచి మీ పట్టికలో చిన్న ప్రాణులు ఒక్కసారిగా పెరిగినట్టు కనిపిస్తాయి. సముద్రంలో ఏమీ జరిగి ఉండదు. వల మార్చక తప్పని రోజు వస్తే పాతదీ కొత్తదీ రెండూ కనీసం ఒక పూర్తి ఏడాది పక్కపక్కన లాగాలి. ఏడాది అని ఎందుకంటున్నానంటే, మన తూర్పు తీరపు ప్రవాహం ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పారుతుంది. కార్తీకంలో మీ సీసాలోకి వచ్చే నీరు ఉత్తరాది నదుల ఉప్పు తగ్గిన నీటితో కలిసినది, చైత్రంలో వచ్చే నీరు వేరు. ఒక్క ఋతువులో చేసిన పోలిక రెండో ఋతువుకు చెల్లదు. వల, వల గుండా ఎంత నీరు పోయిందో కొలిచే ఫ్లోమీటరు, సంరక్షక ద్రావణం, లెక్కపెట్టే పద్ధతి, వీటిలో ఏది మార్చాలన్నా డైరెక్టరు సంతకం, రాతలో కారణం, పక్కపక్కన పరీక్ష ఉండాలని మినిట్స్‌లో మొదటి అంశంగా రాయించండి.

ఇంత పట్టుదలగా ఎందుకు చెబుతున్నానో కూడా చెప్పాలి. నేను పనిచేసిన ఒక సంస్థలో తొమ్మిదేళ్ళ ప్లవకాల సీసాలు ఒక గదిలో ఉండేవి. మీటింగు హాలు కావాలని ఆ గదిని ఖాళీ చేయించారు. సీసాలను మేడ మీది షెడ్డులో పెట్టారు. రెండు వేసవులు గడిచేసరికి ఫార్మలిన్ ఆవిరైపోయింది, చీటీల మీది సిరా వెలిసిపోయింది. గది కేటాయింపు కాగితం మీద సంతకాలు చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ సీసాల్లో ఏముందో నన్ను అడిగినవారు లేరు, నేనూ ఎవరినీ అడగలేదు. 2004లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1960ల నాటి ప్లవకాల నమూనాలు తెరిచి, వాటిలో అతి సన్నని ప్లాస్టిక్ పోగులు ఉన్నాయని, దశాబ్దాలు గడిచేకొద్దీ అవి పెరిగాయని చూపించారన్న వార్త చదివినప్పుడు నాకు ఆ షెడ్డే గుర్తుకొచ్చింది. ఆ సీసాలు నింపినవాళ్ళెవరూ ప్లాస్టిక్ కోసం నింపలేదు. మీ సీసాల్లోనూ రేపు ఎవరు ఏం వెతుకుతారో ఇప్పుడు తెలియదు. కాబట్టి బడ్జెట్‌లో సీసాల గదికి, ద్రావణం మార్చడానికి, చీటీలు తిరగరాయడానికి ప్రత్యేకంగా ఒక పద్దు పెట్టండి. చిన్న మొత్తమే అయినా దాన్ని వేరే ఖర్చుకు మళ్ళించకూడదని రాయించండి.

ఇక కంపెనీ డబ్బు. మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగిపోయిన చోటు ఇదే. ఇస్తామంటున్నది దానం అనుకొని మీరు మొహమాటపడుతున్నట్టున్నారు. కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. పర్యావరణ పరిరక్షణ ఆ చట్టం అనుమతించిన పనుల్లో ఒకటి. అంటే వాళ్ళు ఎక్కడో ఒకచోట ఖర్చు చేయక తప్పని డబ్బు ఇది. మీరు మాట్లాడుకోవచ్చు, బేరమూ ఆడవచ్చు. కానీ అనుమతి లేకుండా ప్రచురించరాదన్న షరతు ఒక్కటి ఉన్నా ఆ డబ్బు తీసుకోవద్దు. కంపెనీ చెడ్డదనో, ఏదో దాస్తుందనో నేను అనడం లేదు. వాళ్ళ కర్మాగారం నీరు కలిసే సముద్రాన్నే మీరు కొలుస్తున్నారు. ఆ షరతు ఉన్నంతకాలం మీరు మంచి ఫలితం ప్రకటించినా నమ్మేవారుండరు, చెడ్డ ఫలితం వస్తే ప్రకటించే దారి ఉండదు. 21 ఏళ్ళలో కూడబెట్టుకున్న నమ్మకం మూడేళ్ళ జీతాలకు సరితూగదు.

దాని బదులు మీరే ఒక షరతు రాసి ఇవ్వండి. నివేదికను ప్రచురణకు 30 రోజుల ముందు కంపెనీకి చూపిస్తాం, అంకెల్లో తప్పుంటే ఆధారాలతో చెప్పవచ్చు, ఆపే హక్కు మాత్రం ఉండదు, ఏటా మూల లెక్కలన్నీ బహిరంగంగా అందుబాటులో ఉంచుతాం, అని. దీనికి ఒప్పుకునే అధికారులు కంపెనీల్లో ఉంటారు. వాళ్ళ న్యాయ విభాగం మొదట పంపే ముసాయిదాను చూసి కంపెనీ మొత్తాన్ని అంచనా వేయకండి. ఒప్పుకున్నా సరే, ఆ తీరంలోనే నీరు వదిలే సంస్థల నుంచి వచ్చే సొమ్ము మీ ఏడాది ఖర్చులో నాలుగో వంతు దాటకూడదని నా అభిప్రాయం. విదేశీ నిధుల గురించి మీరు అడగలేదు కానీ, డైరెక్టరైన మొదటి నెలలోనే ఆడిటరు దగ్గర కూర్చోండి. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద వచ్చిన సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. క్షేత్ర సమాచారం సేకరించి విశ్లేషించేవారి జీతాలు పాలనా ఖర్చులోకి రావన్న నియమం మీ వంటి సంస్థకు ఎంతవరకు వర్తిస్తుందో ఆయనతో రాతలో చెప్పించుకోండి.

నిధులు అడగడం రాదన్నారు. మాటకారితనం ఉంటేనే ఆ పని చేయగలమన్న భ్రమ చాలామందికి ఉంది. 2017 జనవరిలో ఎన్నూరు దగ్గర కామరాజర్ పోర్టు వద్ద రెండు ఓడలు ఢీకొని చమురు ఒలికినప్పుడు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతో ఎన్నూరు వాగులోకి చమురు వ్యాపించినప్పుడు, అందరూ అడగవలసి వచ్చిన ప్రశ్న ఒకటే: ఇంతకుముందు ఈ నీరు ఎలా ఉండేది? 2019 ఆగస్టులో చెన్నై బీచుల్లో రాత్రిపూట అలలు నీలంగా మెరిస్తే జనం గుంపులుగా వెళ్ళి చూశారు. నాక్టిల్యూకా అనే ఏకకణ జీవి వల్ల వచ్చే వెలుగు అది. అది గతంలో ఎన్నిసార్లు, ఏ నెలల్లో, ఎంత సంఖ్యలో వచ్చిందో చెప్పాలన్నా మీలాంటివారి పట్టికే దిక్కు. నిధులిచ్చేవారి ముందు కొత్త విషయం కనిపెడతామని మాట ఇవ్వకండి. ఒక నెల లెక్కకు పడవ, వల, మనుషులు, సీసాలు కలిపి ఎంతవుతుందో చెప్పి, ఎన్ని నెలలు మీరు భరిస్తారని అడగండి. అలా అడిగితే చిన్న దాతలు కూడా ముందుకొస్తారు. ఒకే పెద్ద దాత చేతిలో ఉండే అవస్థా తప్పుతుంది. పళ్ళికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకు, జాతీయ తీర పరిశోధన కేంద్రానికి, హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌కు మీరు అర్జీదారులా కాక, ఇవ్వడానికి ఏదో ఉన్నవారిలా వెళ్ళండి. ఉపగ్రహం నీటి పైపొర రంగును బట్టి పత్రహరితం ఎంతో చెబుతుంది, ఆ సమాచారంతోనే ఇన్‌కాయిస్ చేపలు దొరకగల చోట్ల సూచనలు జాలర్లకు పంపుతుంది. కానీ ఆ పచ్చదనం డయాటమ్‌లనే ఏకకణ వృక్ష ప్లవకాలదా, మరొకదానిదా అన్నది చాలా సందర్భాల్లో నీరు తెచ్చి చూస్తేనే తేలుతుంది. ఈశాన్య ఋతుపవనాల మబ్బు కమ్మినప్పుడు ఉపగ్రహానికి ఆ రంగు కూడా కనిపించదు. అప్పుడు సముద్రంలో ఉండేది మీ పడవే.

యంత్రం కొనమంటున్న ట్రస్టీ మాటను కొట్టిపారేయకండి. వేగంగా ఎక్కువ నమూనాలు చూడటానికి అది తప్పక ఉపయోగపడుతుంది. కానీ దానికి నేర్పేది ఎవరు? ఈ తీరపు ప్రాణుల ఫొటోలకు పేర్లు పెట్టి ఇచ్చేది మీ సీనియరే. ఆయన వెళ్ళిపోయాక యంత్రం వస్తే, పాఠం చెప్పే గురువు లేని బడి అవుతుంది. కాబట్టి కొనేదేదో ఆయన ఉండగానే కొని, కొన్నేళ్ళు మనిషి లెక్క పక్కనే యంత్రం లెక్క నడపండి. అంతకన్నా ముందు, ఈ నెలలోనే ఇద్దరు కుర్రవాళ్ళను ఆయన పక్కన కూర్చోబెట్టండి. ఒకే నమూనాను ముగ్గురూ ఒకరి లెక్క ఒకరు చూడకుండా లెక్కపెట్టి, ఎంత తేడా వచ్చిందో ప్రతి నెలా రాసి ఉంచాలి. కలనాయిడ్ అనే రకం కోపెపాడ్‌ల అయిదో జత కాళ్ళలో ఏ ముల్లు, ఏ వంపు చూసి ఈ జాతి అంటారో, ఎక్కడ పొరబడే అవకాశం ఉందో ఆయన చేత బొమ్మలతో సహా రాయించండి. అచ్చయిన పుస్తకాల్లో ఉన్నది చాలదు, ఈ తీరంలో ఆయన కంటికి తెలిసినదంతా కాగితం మీదికి రావాలి. రిటైరైన రోజున శాలువా కప్పి పంపేయకండి. వారానికి రెండు రోజులు తగిన వేతనంతో మరో మూడేళ్ళు రమ్మనండి. బడ్జెట్‌లో దేన్ని కోసినా ఈ పద్దును కోయవద్దు.

మీ సారు గురించి రెండు మాటలు చాలు. ఆయనను సలహాదారుగా ఉంచుకోండి, కానీ ఉద్యోగులు ఆయన దగ్గరకు వెళ్ళి మీ నిర్ణయాలను మార్పించుకునే వీలు ఉండకూడదు. ఈ మాట మీరు చెప్పడంకన్నా ఆయనే అందరి ముందు చెబితే బాగుంటుంది. అడగండి, పెద్దమనిషి కాబట్టి అర్థం చేసుకుంటారు.

పడవ సంగతి మీ ఉత్తరంలో లేదు, నాకు మాత్రం అది చిన్న విషయం కాదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. అద్దె మరపడవ మీద ఆధారపడితే ఏటా ఆ రెండు నెలలు మీ వరుసలో ఖాళీ పడుతుంది, లేదా ప్రతిసారీ చివరి నిమిషంలో అనుమతుల కోసం పరుగులు తప్పవు. ఫిబ్రవరిలోనే మత్స్యశాఖకు రాసి, ఆ నెలలకు ఫైబర్ పడవ ఏర్పాటు చేసుకోండి. చార్లెస్ కీలింగ్ హవాయిలో గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచిన ప్రసిద్ధ పట్టికలో 1964లో నిధుల కోత వల్ల కొన్ని నెలలు ఖాళీ పడ్డాయి. అరవై ఏళ్ళు దాటినా ఆ ఖాళీ అలాగే ఉంది. చెన్నైలోని కాశీమేడు రేవులో శ్రీకాకుళం నుంచి వచ్చి పనిచేసే మన జాలర్లు చాలామంది ఉన్నారు. డైరెక్టరయ్యాక కూడా మూడు నెలలకోసారైనా మీరే పడవెక్కండి, వాళ్ళతో తెలుగులో మాట్లాడండి. నీళ్ళ రంగు మారిందన్న సంగతి మీ ప్రయోగశాలకన్నా ముందు వాళ్ళకు తెలుస్తుంది. పడవకు ఇవ్వవలసిన డబ్బు ఏ రోజుకారోజు చేతికి అందేలా చూడండి.

చివరికి మీ అసలు బాధ. సూక్ష్మదర్శినికి దూరమవుతానన్న మీ భయం నిజమే, ఆ పనిలోంచి వచ్చిన డైరెక్టర్లలో చాలామంది ఏడాది తిరిగేసరికి దూరమవుతారు. ఎవరో ఒకరు సంతకం కోసం గుమ్మంలో నిలబడే ఉంటారు. ఖాళీ దొరికినప్పుడు చూద్దామనుకుంటే ఖాళీ దొరకదు. అందువల్ల దాన్ని మీ సరదాగా కాక సంస్థ అవసరంగా ఏర్పాటు చేసుకోండి. పైన చెప్పిన ఒకే నమూనాను వేర్వేరుగా లెక్కపెట్టే పద్ధతిలో మీరు నాలుగోవారుగా చేరండి. సీసా మీద తేదీ, చోటు కనిపించకుండా చీటీ మూసి ఇస్తారు, నెలకు ఒకటి. మీ లెక్కకూ మిగతావారి లెక్కకూ తేడా వస్తే దాన్ని కూడా అందరిదానిలాగే రాస్తారు. 16 ఏళ్ళ అనుభవం ఉన్న కన్ను నాణ్యత పరీక్షలో ఉండటం సంస్థకు లాభమే కాబట్టి ట్రస్టీలు అభ్యంతరం చెప్పలేరు. ప్రతి నెలా మొదటి శుక్రవారం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా డైరెక్టరు ప్రయోగశాలలో ఉంటారు, ఆ సమయంలో సమావేశాలు పెట్టకూడదు అన్న వాక్యాన్ని నియామక పత్రంలోనే చేర్చమనండి. చేర్చాకే సంతకం పెట్టండి.